ఎవరొద్దన్నారు?

మా ఆయన అబద్ధం ఆడడు. ఈ మాట జగ్గయ్యపేటలో ఎవరినడిగినా చెబుతారు. ఆయన పనిచేసిన సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో అడిగితే ఇంకాస్త గట్టిగా చెబుతారు. నేనూ కాదనను. నా కాలి విషయంలో కూడా ఆయన నాకు ఒక్క అబద్ధం చెప్పలేదు. అబద్ధం చెప్పకుండానే నన్ను నట్టేట ముంచాడు.

ఒక సంగతి ముందే చెప్పుకుంటాను. ఇంట్లో ఆయన్ని ఇప్పటికీ 'మీరు' అనే పిలుస్తాను. పదిమందిలో 'ఆయన అన్నారు' అనే అంటాను. ఈ రాతలో మాత్రం 'అన్నాడు' అని రాస్తున్నాను. నా కోపానికి ఎక్కడో అక్కడ ఆ మాత్రం చోటుండాలి.

నేను తెలుగు టీచర్ని. నందిగామ హైస్కూల్లో పనిచేశాను. ఆరో తరగతికి వ్యాకరణం మొదలుపెట్టిన రోజు చెప్పేది ఒకటే: వాక్యంలో ముందు క్రియని పట్టుకోండి, దాన్ని 'ఎవరు?' అని అడగండి, వచ్చిన జవాబే కర్త. 'అమ్మ అన్నం వండింది. ఎవరు వండింది? అమ్మ.' పిల్లలు గొంతులు చించుకుని చెప్పేవాళ్ళు. ఆ తర్వాత పాఠంలో, తెలుగులో కర్త లేకపోయినా వాక్యం నిలబడుతుందని చెప్పేదాన్ని. 'వచ్చారు' అంటే చాలు, ఎవరొచ్చారో వినేవాడికి తెలిసిపోతుంది. మన భాషలో ఉన్న సుఖం అదని పిల్లల ముందు తెగ మురిసిపోయేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

తొంభైల మధ్యలో నాకు కుడి మోకాల్లో నొప్పి మొదలైంది. పొద్దున్నే పేట బస్టాండులో విజయవాడ బస్సెక్కి, చిల్లకల్లు దగ్గర హైవే మీదికొచ్చి, నందిగామలో దిగేదాన్ని. దిగి నాలుగు అడుగులు వేసేదాకా కాలు నా మాట వినేది కాదు. మా వీధి చివర ప్రాక్టీసు చేసే ఆర్.ఎం.పి. గారు మోకాలికి నూనె రాయమన్నారు, మోకాలికి పట్టీ వేసుకోమన్నారు, మోకాలికి ఇంజక్షన్ కూడా చేశారు. గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఎవరో కీళ్ళు పడతారంటే ఆగి ఉన్న లారీల మధ్యనుంచి దారి చేసుకుని అక్కడికీ వెళ్ళాం. ఆ కీళ్ళు పట్టేవాడు మోకాలు పట్టుకుని ఒక్క లాగు లాగితే గజ్జల్లో ప్రాణం పోయినంత పనైంది. అప్పటికీ ఎవరికీ అనుమానం రాలేదు. జబ్బు తుంటి కీలులో ఉంటే నొప్పి మోకాల్లో తెలుస్తుందని నాకెవరు చెప్పాలి?

తర్వాత ఒక్కొక్క పనే చేజారిపోయింది. కాలిగోళ్ళు తీసుకోలేకపోయాను. చెప్పు తొడుక్కోవడానికి గోడ కావాల్సొచ్చింది. నేలమీద కూర్చోవడం మానేశాను. మా అక్క ఇల్లు నందిగామలో స్కూలుకి రెండు వీధుల అవతల. అక్క నాకంటే బాగా పెద్దది. అమ్మ పోయాక నాకు అమ్మ కూడా అదే. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే అక్క దగ్గరికి వెళ్ళి అన్నం తినొచ్చేదాన్ని. నేను నేలమీద కూలబడలేకపోతున్నానని ముందుగా కనిపెట్టింది అక్కే. పీట తీసేసి నాకోసం కుర్చీ వేసింది.

"ఇదేంటే, కాలు ఈడుస్తన్నావు? నూనెలతో పొయ్యేది కాదిది. బెజవాడ తీసుకెళ్ళమని మీ ఆయనకి చెప్తా ఉండు," అంది.

చెప్పింది కూడా. విజయవాడలో ఎముకల డాక్టరు దగ్గరికి మా ఆయనే తీసుకెళ్ళాడు. ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు నన్ను బల్లమీద పడుకోబెట్టి కాలు పైకెత్తి, పక్కకి తిప్పి, నేను అరవగానే వదిలిపెట్టారు. "బయట కూర్చోండమ్మా, ఫిల్మ్ చూసి చెప్తా," అన్నారు. నేను బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి కాంపౌండరు తలుపు సందులోంచి తొంగిచూసి అడిగాడు.

"పేషెంటు తాలూకు ఎవరండీ?"

ఆసుపత్రుల్లో ఈ మాట వినని వాళ్ళుండరు. పొలం తాలూకు కాగితాలన్నట్టు పేషెంటు తాలూకు మనిషి. మా ఆయన లేచి చొక్కా సర్దుకుని లోపలికెళ్ళాడు. తలుపు పడింది. నా తుంటి గురించి నా తాలూకు మనిషికి లోపల చెబుతుంటే, తుంటిని వెంటబెట్టుకుని నేను బయట కూర్చున్నాను. అప్పట్లో అది నాకు వింతగా అనిపించలేదు. మా నాన్నకి జబ్బు చేసినప్పుడూ అంతే, మా అత్తగారికీ అంతే. రోగికి చెప్పకుండా ఇంట్లోవాళ్ళకి చెప్పడమే మర్యాద అనుకునే వాళ్ళం మేం.

బయటికొచ్చి మా ఆయన చెప్పాడు.

"మోకాలు కాదంట. తుంటి కీలు అరిగిపోయిందంట. లోపల గుజ్జు లేదు, ఎముకా ఎముకా రాసుకుంటన్నాయంట."

"మరి ఏం చెయ్యాలంట?"

"మాత్రలిచ్చారు. బరువు తగ్గాలి, కర్ర పట్టుకోవాలి, కాలికి ఏయో ఎక్సర్‌సైజులు చెప్పారు. మళ్ళీ రమ్మన్నారు."

మళ్ళీ వెళ్ళింది ఆయనొక్కడే. మందులు తెస్తానని ఒక సెలవురోజు బయల్దేరి సాయంత్రానికి తిరిగొచ్చాడు. నాకప్పటికి స్టాఫ్‌రూములో ఎవరో చెప్పారు, కీలు తీసేసి కొత్తది వేసే ఆపరేషన్లు వచ్చాయని. ఆయన చొక్కా విప్పి మేకుకి తగిలిస్తుంటే అడిగాను.

"ఏమండీ, ఆపరేషన్ లాంటిదేమన్నా ఉందేమో అడిగారా?"

"ఒద్దన్నారు," అన్నాడు మా ఆయన. అని కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు.

అంతే. డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిన మనిషి ఒద్దన్నారు అంటే ఎవరనుకుంటాం? డాక్టరనుకున్నాను. నా ఒంటికి అది పనికిరాదేమో అనుకున్నాను. మా ఇంట్లో తుంటి ఆపరేషన్ అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. మా అత్తగారు బాత్‌రూములో జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ చేయించారు. ఆవిడ మళ్ళీ ఇల్లు చూడలేదు. ఆ తర్వాత మా ఆయన ముందు ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. నేనూ మళ్ళీ ఎత్తలేదు.

నాకప్పుడున్న కోరిక పెద్దదేం కాదు. రిటైరయ్యేదాకా క్లాసులో నిలబడి పాఠం చెప్పాలి. కూర్చుని చెప్పమని హెడ్మాస్టరుగారు ఎన్నోసార్లన్నారు, మంచి మనిషి. కానీ పద్యం కూర్చుని చదివితే నాకు గొంతు లేవదు. బోర్డు మీద ప్రతిపదార్థం రాస్తూ పిల్లల వైపు తిరిగి, మళ్ళీ బోర్డు వైపు తిరగడం, అదీ పాఠమంటే. ఆ తిరగడమే చేతకాకుండా పోయింది. కర్ర ఆనించుకుని బల్ల పట్టుకుని తిరిగేదాన్ని. కుడికాలు రాను రాను పొట్టిదైంది. చీర ఒకపక్క నేలమీద ఈడుస్తుంటే కుచ్చిళ్ళు ఒకవైపు ఎత్తి దోపుకునేదాన్ని. వెనకబెంచీ పిల్లలు నా నడకని అనుకరించేవాళ్ళు. వాళ్ళమీద నాకు కోపం లేదు, ఆ వయసులో నేనైనా అదే చేసేదాన్ని. మాత్రలు మింగీ మింగీ కడుపులో మంట పట్టుకుంది. అన్నిటికంటే బస్సు మెట్టు పగబట్టినట్టుండేది. తెలిసిన కండక్టర్లయితే "టీచరుగారు ఎక్కాలి, ఆగండి," అని చెయ్యందించేవాళ్ళు. కొత్తవాళ్ళయితే విజిలేసేవాళ్ళు.

రెండువేల సంవత్సరం దాటాక మా క్లాసుల్ని మేడమీదికి మార్చారు. ఇక వల్ల కాదనిపించింది. వాలంటరీ రిటైర్మెంటు తీసుకోవాలా ఒద్దా అని నెలల తరబడి కొట్టుమిట్టాడాను. ఆపరేషన్‌కి దారి ఉందంటే సెలవు పెట్టి చేయించుకుని మళ్ళీ స్కూలుకి వచ్చేదాన్ని. దారి లేదనే కదా నేననుకుంటున్నది. ఒకరోజు మధ్యాహ్నం అక్క దగ్గర అన్నం తింటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను.

"మానెయ్యవే," అంది అక్క, నా కంచంలో పెరుగు వేస్తూ. "ఎందుకీ అవస్థ? చెప్పింది చాల్లే పాఠాలు. ఇంటిపట్టున ఉండు."

మా ఆయన్ని అడిగితే, "నీ ఇష్టం," అన్నాడు. నా ఇష్టమట. కాగితం పెట్టేశాను. చివరి రోజు పిల్లలు దండ వేశారు. కుర్చీలో కూర్చునే వేయించుకున్నాను.

తర్వాత కొన్నేళ్ళకి చికున్‌గున్యా వచ్చింది. ఆ ఏడాది పేటలో ఏ వీధి చూసినా కుంటేవాళ్ళే. నన్ను చూసి కూడా "మీకూ వచ్చిందా అండీ?" అని అడిగేవాళ్ళు. ఊరంతా నాలా నడుస్తుంటే కొన్నాళ్ళు నేను మామూలు మనిషినయ్యాను. ఆ తర్వాత వాళ్ళందరికీ నయమైపోయింది. అప్పటికి నాకు ఎడమ మోకాలు కూడా మొరాయించడం మొదలుపెట్టింది. విజయవాడ వెళ్దామంటే మా ఆయన చికున్‌గున్యాతో మంచం దిగే స్థితిలో లేడు. ఆయన ఆగమంటున్నా వినకుండా ఒక ఆటో మాట్లాడుకుని, పాత ఫిల్ములు సంచీలో పెట్టుకుని ఒక్కదాన్నే వెళ్ళాను.

అదే డాక్టరు, అదే బెంచీ. నా పక్కన చెవిటికల్లు నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుంది. ఆవిడకీ తుంటే. కాంపౌండరు వచ్చి "పేషెంటు తాలూకు ఎవరండీ?" అంటే ఆవిడ కొడుకు లేచి లోపలికెళ్ళాడు. ఆవిడ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని మూసిన తలుపు వంకే చూస్తూ కూర్చుంది. తర్వాత నా పేరు పిలిచి, కాంపౌండరు నా వెనకా ముందూ వెతికాడు.

"తాలూకు ఎవరూ రాలేదా అమ్మా?"

"నేనొచ్చా," అని లేచాను.

డాక్టరుగారు ఫిల్ములు వెలుతురుకి పెట్టి చూసి, నన్ను చూశారు.

"మీరు నందిగామ టీచరుగారు కదూ? బాగా ఆలస్యం చేశారమ్మా. అప్పుడే చెప్పాగా."

"ఏం చెప్పారండీ?"

"కీలు మార్పించుకోవచ్చని. ఉన్నపళంగా అని కాదు. ముందు కర్ర, వ్యాయామం. వాటితో గడిచినన్నాళ్ళు గడుపుదాం, ఉద్యోగం కష్టమయ్యే పరిస్థితి వస్తే అప్పుడు ఆపరేషన్, ఆలోచించుకుని చెప్పండి అన్నా. మీరే ఒద్దన్నారు."

"నేనా?"

"మీవారొచ్చి చెప్పారుగా. 'ఇంట్లో ఒద్దంటన్నారండి' అన్నారు."

మా వైపు మగాళ్ళు పరాయివాళ్ళ ముందు భార్యని భార్య అనరు. 'ఇంట్లో' అంటారు. 'ఇంట్లో అడిగి చెప్తా' అంటే పెళ్ళాన్ని అడిగి చెబుతానని. డాక్టరుగారికి కూడా అలాగే అర్థమైంది. ఆ కుర్చీలో కూర్చుని నేను ఆ రెండు మాటల్ని పక్కపక్కన పెట్టుకున్నాను. నాతో 'ఒద్దన్నారు', డాక్టరుగారితో 'ఇంట్లో ఒద్దంటన్నారు'. నేను ఒకటనుకున్నాను, డాక్టరుగారు ఇంకొకటనుకున్నారు. ఆ ఒక్క క్రియకి డాక్టరుగారు కర్త అవుతారు, నేనవుతాను, ఊరంతా అవుతుంది. 'మీరే ఒద్దన్నారు' అని నా మొహం మీద కూడా అనొచ్చు, అన్నారు కూడా. మా ఆయన ఎక్కడా అబద్ధం చెప్పలేదు.

"నన్నెందుకు అడగలేదండీ మీరు?" అన్నాను.

"మీరు బయట కూర్చున్నారు కదమ్మా," అన్నారాయన. అన్నాక ఆయనకే ఆ మాట ఎలా వినపడిందో, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరే. ఇప్పుడు లోపలే ఉన్నాగా. మొదటినుంచీ చెప్పండి. నాకు చెప్పండి."

చెప్పారు. ఏమీ చేయించుకోకపోతే నొప్పి ఎలా ఉండొచ్చో, ఎడమ మోకాలు మీద బరువెలా పడుతోందో చెప్పారు. కర్ర నేను ఇన్నేళ్ళూ నొప్పిపక్కే పట్టుకున్నానట, రెండో చేత్తో పట్టుకోవాలట. ఆ ఒక్క మాట అప్పుడు చెప్పినా ఎంతో కొంత సుఖపడేదాన్ని. కీలు మారిస్తే నొప్పి చాలావరకు పోవచ్చన్నారు. పోతుందని మాటివ్వలేదు. చీము పట్టొచ్చు, కాల్లో రక్తం గడ్డకట్టొచ్చు, వేసిన కీలు ఎప్పటికైనా అరిగి మళ్ళీ మార్చాల్సి రావొచ్చు, మఠం వేసుకుని కూర్చోకూడదు. ఇన్నేళ్ళు వాడకపోవడంతో తుంటి కండ క్షీణించింది కాబట్టి అప్పుడు చేయించుకుంటే వచ్చేంత నడక ఇప్పుడు రాకపోవచ్చు. ఈ ముక్క చెప్పేటప్పుడు గొంతు తగ్గించారు.

"మీరైతే ఏం చేస్తారండీ?"

"నా సంగతి ఎందుకమ్మా? మీకు కాలు దేనికి కావాలో మీరు చెప్పండి. దానికి ఏది పనికొస్తదో నేను చెప్తా. నిర్ణయం మీది."

"క్లాసులో నిలబడ్డానికి," అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది, క్లాసు లేదు. ఆయన తొందరపెట్టకుండా కూర్చున్నారు. ఇంటికెళ్ళి ఆలోచించుకుని చెబుతానన్నాను. బయటికొచ్చేసరికి చెవిటికల్లు ఆవిడ ఇంకా అక్కడే ఉంది, కొడుకు మందుల కోసం వెళ్ళినట్టున్నాడు.

"మీవాడికి లోపల ఏం చెప్పారో అడిగావా అమ్మా?" అన్నాను.

"వాడు చెప్తాడులెండి."

"వాడు చెప్పేది వినొద్దనడం లేదు. నువ్వూ లోపలికెళ్ళి అడుగు. కాలు నీది కదా."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. వెళ్ళిందో లేదో నాకు తెలియదు.

పేట చేరేసరికి చీకటిపడబోతోంది. మా ఆయన వాచిన కీళ్ళతో మంచం మీద పడుకుని ఉన్నాడు. నేను చెప్పులు కూడా విడవకుండా వెళ్ళి మంచం పక్కన నిలబడ్డాను.

"ఎవరొద్దన్నారు?" అన్నాను.

దేని గురించని ఆయన అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత వెనకా ముందూ లేకుండా అడిగిన ప్రశ్న చటుక్కున అర్థమైపోయింది ఆయనకి.

"డాక్టరు ఒద్దన్నాడని నేను చెప్పానా?" అన్నాడు. "ఒద్దన్నారు అన్నా. అంతే అన్నా."

"ఎవరు?"

గోడవైపు తిరిగాడు. నేను కదల్లేదు. పిల్లలు జవాబు చెప్పేదాకా బెంచీ పక్కన నిలబడ్డం నాకు అలవాటే.

"మీ అక్కయ్య," అన్నాడు చివరికి. "డాక్టరు చెప్పింది నాకేం పాలుపోక నందిగామ వెళ్ళి ఆవిడతో చెప్పా. ఒద్దే ఒద్దన్నారు. నీకు చెప్పొద్దని కూడా అన్నారు. నాకూ భయమేసింది. అమ్మ సంగతి నీకు తెలుసుగా."

భయమేసిందట. అది నాకు అర్థం కాకపోలేదు. భయమేస్తోందని ఆరోజే నాతో చెబితే సరిపోయేది, ఇద్దరం కూర్చుని భయపడేవాళ్ళం. ఆ మాట చెప్పడానికి మా అక్క దొరికింది ఆయనకి, నేను దొరకలేదు.

మర్నాడే నందిగామ వెళ్ళాను. అక్క చింతపండులో గింజలు ఏరుతూ కూర్చుంది. నా మొహం చూడగానే పళ్ళెం పక్కన పెట్టింది. అప్పటికే మా ఆయన ఫోన్లో చెప్పేసినట్టున్నాడు. నాకు చెప్పాల్సినవి మాత్రం ఫోన్లకి ఎక్కవు.

"ఎందుకొద్దన్నావు అక్కా?"

"మీ అత్తగారి సంగతి చూశాం కదే. ఆపరేషన్ చేయించుకుని నువ్వు మంచాన పడితే ఎవరు చేస్తారు? మీ ఆయన చేస్తాడా? చేసేది నేనే."

"ఒద్దంటే ఒద్దన్నావు. నాకు చెప్పొద్దని ఎందుకన్నావు? నేను భయపడతాననా?"

అక్క నావైపు చూసింది. దాపరికం లేకుండా చెప్పింది, అది నేను ఒప్పుకోవాలి.

"నీకు భయమేంటే? నువ్వు మొండిదానివి. చెబితే చేయించుకుంటానంటావు. ఆ సంగతి నాకు తెలవదా? అందుకే చెప్పొద్దన్నా."

దారిపొడుగునా ఎన్నెన్నో అనుకున్నాను. భయపడతానేమోనని దాచారు, బాధపడతానేమోనని దాచారు అని ఏదో ఒకటి చెప్పుకుని మనసుకి సర్ది చెప్పుకోవచ్చనుకున్నాను. కానీ నేనేం కోరుకుంటానో వీళ్ళకి పూర్తిగా తెలుసు. తెలిసే దాచారు. రోజూ మధ్యాహ్నం నాకోసం కుర్చీ వేసి, నా కంచంలో అన్నం పెట్టి, నేను గోడ పట్టుకుని లేస్తుంటే చూస్తూ కూర్చుంది నా అక్క.

"మానెయ్యమని కూడా నువ్వే చెప్పావు," అన్నాను.

"నీ అవస్థ చూడలేక చెప్పా. ఇప్పుడేమైందే, తిండికి లోటా?"

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఏడుపు ఆపుకోవడానికి లేచాను. అన్నం తిని వెళ్ళమంది. తినకుండా వచ్చేశాను. ఆ ఇంట్లో నేను అన్నం ఒద్దనడం అదే మొదటిసారి.

ఆ తర్వాత కొన్ని వారాలు నేనొక్కదాన్నే ఆలోచించుకున్నాను. కర్ర రెండో చేత్తో పట్టుకుని నడిచి చూశాను. కొంచెం మేలే, కానీ నొప్పికి నిద్ర పట్టేది కాదు. చీము పడితేనో అని ఆలోచించాను. మా అత్తగారు గుర్తొచ్చారు, ఆవిడ వయసూ ఆవిడ గుండెజబ్బూ కూడా గుర్తొచ్చాయి. క్లాసు ఎలాగూ రాదు. బస్టాండుదాకా నడిచి, ఎవరూ చెయ్యందించకుండా బస్సెక్కాలని ఉంది. దానికోసం ఇంత చేయించుకోవచ్చా అని నన్ను నేనే అడిగాను. చేయించుకోవచ్చనిపించింది.

ఈసారి విజయవాడకి ఇద్దరం వెళ్ళాం. కాంపౌండరు తాలూకు మనిషిని పిలవకముందే నేను లేచాను, మా ఆయన నా వెనకొచ్చాడు. ఆయన వింటుండగానే డాక్టరుగారు మళ్ళీ అడిగారు.

"ఏమనుకున్నారమ్మా? మీవారి సంతకం కూడా కావాలి, అది మా పద్ధతి. చేయించుకోవాలా ఒద్దా అనేది మాత్రం మీరే చెప్పాలి. నేను చెప్పను."

"చేయించుకుంటానండి," అన్నాను. మా ఆయన సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయింది. నొప్పి పోయింది. కుంటు పూర్తిగా పోలేదు, పోదని ముందే చెప్పారు కాబట్టి దానికి నేను ఏడవలేదు. అక్క క్యారేజీ పట్టుకుని ఆసుపత్రికి వచ్చింది. తిన్నాను. మాట్లాడలేదు.

ఇంటికొచ్చి వాకర్ పట్టుకుని గదిలో తిరుగుతున్న రోజుల్లో మా ఆయన పాత స్నేహితుడు, ఫ్యాక్టరీలో కలిసి పనిచేసినాయన, పలకరించడానికొచ్చాడు. ఇద్దరూ వసారాలో కూర్చున్నారు. నేను లోపలిగదిలో మంచం మీద ఉన్నాను.

"ఈ వయసులో ఇంత పెద్ద ఆపరేషనంటే సాహసమే చేశారు," అన్నాడాయన.

"ఇక తప్పదన్నారు. చేయించేశాం," అన్నాడు మా ఆయన.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరన్నారండీ?" అని లోపల్నుంచి అడిగాను.

టీగ్లాసు కింద పెట్టిన చప్పుడు వినపడింది. ఈసారి తప్పించుకోవడానికి పెరడు లేదు, గోడ లేదు, ఎదురుగా స్నేహితుడున్నాడు. కర్త చెప్పక తప్పదు.

"డాక్టరుగారు," అన్నాడు మా ఆయన.

అది ఆయన నోటివెంట నేను విన్న మొదటి అబద్ధం.

"డాక్టరే అన్నాక ఇంకేముంది లెండి," అన్నాడు స్నేహితుడు.

నేను వాకర్ అందుకుని లేచాను. గుమ్మందాకా వచ్చేసరికి వాళ్ళు మిరపకాయల రేట్లలోకి వెళ్ళిపోయారు.

"నేనన్నా," అన్నాను, గుమ్మంలో నిలబడి.

"ఏంటమ్మా?" అన్నాడు స్నేహితుడు.

"ఆపరేషన్ చేయించుకుంటానని అన్నది నేను. డాక్టరుగారు కాదు."

ఆయన నావైపు తిరిగి ఎంతో ఆప్యాయంగా నవ్వాడు.

"మంచిదమ్మా. మీరు కూడా ఒప్పుకున్నారు, అదే పదివేలు," అన్నాడు.

మా ఆయన టీగ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.